మేస్త్రి అరికాళ్ళు

బూట్లు కుట్టేవాడు చెప్పుల్లేకుండా పరిగెత్తడమేమిటని వీధి వీధంతా నవ్వింది. నవ్వరూ మరి? వంటవాడు పస్తులుంటే నవ్వరా, దర్జీ చిరుగుల చొక్కా వేసుకుని తిరిగితే నవ్వరా? మేస్త్రి మాత్రం ఆ నవ్వేవాళ్ళ ముందు నుంచే ఒట్టి కాళ్ళతో పరిగెత్తుకుంటూ పోయి, పార్కు చుట్టూ తిరిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చి దుకాణం మెట్టు మీద కూలబడేవాడు. "నవ్వండ్రా నవ్వండి. మీ మోకాళ్ళు అరిగాక నన్ను వెతుక్కుంటూ వస్తారు" అనేవాడు.

ఆయన్ని అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. అన్నయ్యా అనేది ఒక్క చెల్లెలే. ఆమెను ఆయన చిట్టీ అంటాడు. చిట్టికి యాభై దాటాయి, కళ్ళద్దాలు లేనిదే సూదిలోకి దారం ఎక్కించలేదు, అయినా అన్నకు చిట్టే. భర్త పోయాక అన్న దగ్గరికి వచ్చేసింది. వదిన అంతకుముందే పోయింది. కింద దుకాణం, పైన రెండు గదులు. ఆయన తోలు కోసి అడుగులు బిగిస్తే, ఆమె పైభాగాలు కుడుతుంది. ఆ ఇంట్లో మాటలకన్నా సుత్తి చప్పుడే ఎక్కువ.

మేస్త్రికి షుగరుంది. ఎప్పటి నుంచో ఉంది. మాత్ర గుర్తొస్తే వేసుకుంటాడు, గుర్తు రాకపోతే చిట్టి గుర్తు చేస్తుంది, చిట్టి గుర్తు చేస్తే విసుక్కుని వేసుకోడు. ఇదీ వరస. ఆ షుగరు ఆయన్ని మరెక్కడా పట్టలేదుగానీ అరికాళ్ళు పట్టుకుంది. ఒకటే మంట. నిప్పుల మీద నిలబెట్టినట్టు ఉండేదట. తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవాడు. చిట్టి కూర్చుని కాళ్ళు రాసేది. ఆమె చేతి గాజులు గలగలమంటుంటే, ఆ చప్పుడుకే సగం మంట తగ్గుతుందే అనేవాడు పాపం.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున పీటీ సారు వచ్చాడు. స్కూల్లో ఆటలు నేర్పించి రిటైరైన మనిషి. తన పరుగు బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, "వీటికి అతుకులు వెయ్యద్దు మేస్త్రీ. ఎవరికైనా ఇచ్చెయ్యి. నాకింక అక్కర్లేదు" అన్నాడు.

"అదేం సారూ, పరుగు మానేశారా?"

"బూట్లు మానేశాను. పుట్టినప్పుడు బూట్లతో పుట్టామా ఏంటి?"

ఇంకొకడైతే నా పొట్ట మీద కొడతావేమయ్యా అని బూట్లు మొహాన విసిరేవాడు. మేస్త్రి మాత్రం సుత్తి పక్కన పెట్టి, "ఒట్టి కాళ్ళతో పరిగెత్తితే మంటలు తగ్గుతాయా సారూ?" అని అడిగాడు. మనిషి ఎంత విసిగిపోయి ఉంటే ఆ మాట అడుగుతాడు! చిట్టికి ఆ క్షణాన అన్న మీద జాలేసింది గానీ, అడ్డం చెప్పాలని తోచలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేదో, ఆయన వినే రకమైతే కదా.

పీటీ సారు వెంట పార్కులో ఒక గుంపు పరిగెత్తేది. చిట్టి కూడా అన్నకు మంచినీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళి చూసేది. ఎవరి కాలు ఎలాంటిదో అక్కడ చూడాలి. లెక్కల టీచరమ్మకు మోకాళ్ళ నొప్పులుండేవి. బూట్లున్నప్పుడు మడమ దబీమని నేలకేసి కొట్టేది. అవి తీసేశాక మడమ భయపడింది, ముంగాలు ముందు ఆనడం మొదలైంది, అంగలు చిన్నవయ్యాయి. నొప్పి మాయం. ఆమె సంబరం చూసి పళ్ళ డాక్టరు తయారయ్యాడు. ఆయన పిక్కలు రాళ్ళలా గట్టిపడిపోయి మెట్లు దిగడానికి వెనక్కి తిరిగి దిగేవాడు. అయినా ఆగక పరిగెత్తితే పాదం పైన సన్నటి ఎముక చిట్లి కట్టుతో కూర్చున్నాడు. ఇక పోస్టాయన ఉన్నాడు. పెద్దయ్యేదాకా చెప్పులెరగని మనిషి. వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, అరికాలు చూస్తే మేస్త్రికి కూడా ఆశ పుట్టేది, ఎంత మంచి తోలు అని. ఆయనకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అందరికీ ఒకటే మందు పనిచేస్తే ఇన్ని మందుల షాపులెందుకు?

ఆ గుంపులో ఒక ఆచారం ఉండేది. పరుగయ్యాక అందరూ గట్టు మీద వరసగా కూర్చుని కాళ్ళు చాపేవారు. పీటీ సారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "ఎక్కడ నొప్పి?" అని అడిగేవాడు. "నొప్పే మన గురువు. అది ఆగమంటే ఆగాలి, పొమ్మంటే పోవాలి" అనేది ఆయన మాట. పిక్కంటే పిక్క, మడమంటే మడమ, ఎవరి నొప్పి వాళ్ళు చెప్పుకునేవారు. ఎక్కడా లేదన్నవాడికి మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి.

మేస్త్రికి రోజూ చప్పట్లే.

"ఎక్కడ నొప్పి మేస్త్రీ?"

"ఎక్కడా లేదు సారూ."

మొదట్లో రాత్రిళ్ళు మంట ఉండేది. తర్వాత తగ్గింది. తర్వాత పోయింది, పూర్తిగా పోయింది. తడిగుడ్డ మూలన పడింది. మేస్త్రి హాయిగా నిద్రపోయాడు. ఒకరోజు పని మధ్యలో సుత్తి ఆపి, "చిట్టీ, నా కాళ్ళు నాకు తిరిగొచ్చాయే" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని. అన్నకు ఒక సుఖం దొరికిందని చిట్టి కూడా మురిసిపోయింది. బతుకంతా బల్ల ముందు వంగి ఎదుటివాళ్ళ పాదాలు కొలిచినవాడు. అలాంటివాడికి గుంపంతా చప్పట్లు కొడుతుంటే, ఉక్కుపాదం మేస్త్రి అని పేరు పెడితే, ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు చిట్టి పైన కూరగాయలు తరుగుతుంటే మెట్ల మీద టక్కు టక్కుమని చప్పుడైంది. బూటు అడుగున మేకు తల బయటికి తేలితే రాతి మీద అలాగే మోగుతుంది. ఆమె చెవికి అలవాటైన చప్పుడే. అన్నయ్య చివరికి బూట్లేసుకున్నాడు, బుద్ధొచ్చింది అనుకుని నవ్వుకుంటూ తలెత్తింది.

మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒట్టి కాళ్ళు.

"ఏంటే అలా చూస్తావ్? ఆకలేస్తోంది, పెట్టు" అని గదిలోకి నడిచాడు. టక్కు. టక్కు. కుడికాలు ఆనినప్పుడల్లా టక్కు.

"అన్నయ్యా, కూర్చో" అంది చిట్టి. ఆయన కూర్చున్నాక కుడికాలు ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి కింద కండలో అడుగులు బిగించే మేకు తలదాకా దిగి ఉంది. దుకాణం నేల మీద రాలిందే. చుట్టూ నెత్తురు ఎండి నల్లబడింది. ఎంతసేపటి నుంచి ఉందో! పటకారుతో లాగింది. ఆయన ఆ పక్కకు తిరిగి కిటికీలోంచి చూస్తున్నాడు, చెయ్యి చాచి పళ్ళెం దగ్గరకు లాక్కుంటున్నాడు.

"తీశావా?" అన్నాడు. ఎప్పుడు తీసిందో తెలియలేదు.

మర్నాడు పీటీ సారుకు చెప్పింది. ఆయన కొంచెం తటపటాయించాడు గానీ, "తోలు మందమై ఉంటుందమ్మా. పోస్టాయన కాలికి దిగినా అంతే" అని నవ్వేశాడు. పక్కనే కాలికి కట్టుతో ఉన్న పళ్ళ డాక్టరు మాత్రం నవ్వలేదు. "నేను పళ్ళవాణ్ణమ్మా, కాళ్ళ సంగతి నాకంతగా తెలీదు. కానీ షుగరున్నవాళ్ళకు అరికాళ్ళు మొద్దుబారతాయి. ముందు మండుతాయి, తర్వాత ఏమీ తెలియదు. కళ్ళు మూసుకోమని, దారం కొసతో వేళ్ళు తాకి, తగిలిందా అని అడుగు. చెప్పలేకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు" అన్నాడు.

చిట్టి మధ్యాహ్నం పని ఆగాక అన్నను కుర్చీలో కూర్చోబెట్టింది. తాను పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకోమంది.

"ఇదేం ఆటే చిన్నపిల్లల్లాగా" అన్నాడు మేస్త్రి, నవ్వుతూ కళ్ళు మూసుకుని.

మైనం దారం కొసతో బొటనవేలు తాకింది. "తగిలింది. బొటనవేలు" అన్నాడు. చిటికెనవేలు తాకింది. "ఆ, తగిలింది. చిటికెన." మడమ. "మడమే." ఒక్కటీ తప్పలేదు. చిట్టికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అనవసరంగా హడలిపోయానురా భగవంతుడా అనుకుంది. ఆ సంతోషంలో చేతిలో దారం జారి బొటనవేలి పక్కన నేల మీద పడింది. తీసుకుందామని వంగింది. గాజులు గలగలమన్నాయి.

"బొటనవేలు" అన్నాడు మేస్త్రి.

చిట్టి అలాగే ఆగిపోయింది. దారం నేల మీదే ఉంది. తన చెయ్యి గాలిలో ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ గాజుల చప్పుడు వింటూ ఆ చెయ్యి పాదం మీద ఎక్కడుందో తెలుసుకున్నవాడు. ఆయన మోసం చెయ్యడంలేదు, నిజంగా తగిలిందనే అనుకుంటున్నాడు.

ఆమె ఒక్కొక్క గాజూ చప్పుడు కాకుండా తీసి ఒళ్ళో పెట్టుకుంది. దారంతో తాకింది. ఆయన మాట్లాడలేదు. వేలితో నొక్కింది. మాట్లాడలేదు. గోరు గుచ్చింది. చివరికి బల్ల మీద నుంచి తోలుకు బెజ్జం పెట్టే ఆరె తీసుకుని, మొనతో అరికాలు నడుమ గుచ్చింది. ఎర్రటి చుక్క ఒకటి పుట్టింది.

మేస్త్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు. పెదవుల మీద ఇందాకటి నవ్వు అలాగే ఉంది. "ఊ, కానివ్వవే. ఎంతసేపని కూర్చోను? మొదలుపెట్టు" అన్నాడు.

చిట్టి ఏడ్చేసింది. ఆయన కళ్ళు తెరిచి నెత్తుటి చుక్క చూశాడు, ఆరె చూశాడు, ఆమె ఒళ్ళో గాజులు చూశాడు. అర్థం కాకుండా ఎలా ఉంటుంది! అర్థమైంది. అర్థమయ్యాకే కోపమొచ్చింది.

"నేను బాగుపడితే నీకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుంది కదూ?"

"అన్నయ్యా, మంట తగ్గలేదు. కాలికి స్పర్శ పోయింది. ఆస్పత్రికి వెళ్దాం పద."

"వెళ్తే ఏమంటారు? పరిగెత్తొద్దంటారు. బూట్లేసుకో, కూర్చో, తినొద్దు, తాగొద్దు. కూర్చునే కదే ఇన్నేళ్ళూ బతికింది! మండినప్పుడు ఏ డాక్టరు తగ్గించాడు? పరుగే తగ్గించింది." గొంతు తగ్గించి, "ఊళ్ళో పరుగు పందెం పెడుతున్నారు కదా, ఆ ఊరి పరుగు అయిపోనీ. ఆ తర్వాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తావు? అలిగింది, అన్నం మానేసింది, కాళ్ళావేళ్ళా పడింది. ఆస్పత్రికి ఒక్కతే వెళ్ళి అడిగితే, మనిషిని తీసుకురామ్మా అన్నారు, ఆ మనిషే కదా రానిది! పీటీ సారు దగ్గరికి వెళ్ళి, మా అన్నను గుంపులోంచి తీసెయ్యండని వేడుకుంది. ఈసారి పీటీ సారుకూ భయమేసింది. చెప్పాడు. "నన్నొద్దంటే ఒక్కణ్ణే పరిగెత్తుతా సారూ, రోడ్లకేం కరువా?" అన్నాడు మేస్త్రి. కళ్ళ ముందుంటే కనిపెట్టుకుని ఉండొచ్చని పీటీ సారు ఊరుకున్నాడు. అదీ నిజమే అనిపించింది చిట్టికి.

మేకు దిగిన చోట పైన మూసుకుంది. లోపల ఏముందో ఎవరికి తెలుసు? చిట్టి గాజులు మళ్ళీ వేసుకోలేదు. చేతి సంచిలో పడేసింది. ఊరికే కూర్చోలేక, అన్న పాదాల అచ్చు తీసి, దొరికినంతలో మెత్తటి తోలుతో, లోపల కుట్టు ఒరుసుకోకుండా ఒక జత కుట్టింది. బతుకులో అంత మంచి కుట్టు ఆమె ఎప్పుడూ కుట్టలేదు. మేస్త్రి వాటిని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "పని నేర్చావే చిట్టీ" అన్నాడు. అని అరలో పెట్టేశాడు.

ఊరి పరుగు పొద్దున్నే మొదలవ్వాలి. ముఖ్య అతిథి రాలేదు. ఆయన రాకుండా జెండా ఎవరూపుతారు? జనం నిలబడ్డారు, బ్యాండువాళ్ళు వాయించిందే వాయించారు, ఎండ నెత్తికెక్కింది. పెద్దమనిషి తీరిగ్గా దిగి, దండలేయించుకుని, మాట్లాడి, జెండా ఊపేసరికి తారురోడ్డు మీద గాలి అలలు అలలుగా కదులుతోంది. చిట్టి తాను కుట్టిన బూట్లు చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది.

ఒట్టికాళ్ళ గుంపు కాస్త దూరం వచ్చిందో లేదో లెక్కల టీచరమ్మ కెవ్వుమని గడ్డిలోకి గెంతింది. పోస్టాయన, ఆ మందపాటి తోలు మనిషి కూడా, "అమ్మో, కాలిపోతోంది" అంటూ పక్కకు దూకాడు. పీటీ సారు ఒంటికాలి మీద గెంతుతూ, "దిగండి, అందరూ గడ్డిలోకి దిగండి! ఆగిపోండి!" అని అరిచాడు. నొప్పి ఆగమంది, అందరూ ఆగారు.

మేస్త్రికి ఏ గురువూ చెప్పలేదు. ఆయన వెనక్కి తిరిగి అందరూ గడ్డిలో గెంతడం చూశాడు. ఆ మొహం వెలిగిపోయింది. చేతులు రెండూ పైకెత్తి, మెత్తటి తారు మీద ఒంటరిగా పరిగెత్తాడు.

జనం ఊగిపోయారు. "ఉక్కుపాదం! ఉక్కుపాదం!" ఈలలు, చప్పట్లు, బ్యాండు.

"అన్నయ్యా, ఆగు! కాళ్ళు కాలిపోతున్నాయి, ఆగు!" చిట్టి బూట్లు పట్టుకుని రోడ్డు పక్కన జనాన్ని తోసుకుంటూ పరిగెత్తింది. ఆ రొదలో ఎవరికి వినిపిస్తుంది? పక్కన నిలబడ్డ ఒకావిడ, "మీ అన్నా? ఎంత అదృష్టమమ్మా" అంటూ తానూ చేతులెత్తి అరిచింది. చిట్టికి ఊపిరి చాల్లేదు. వయసా, శరీరమా, ఏది సహకరిస్తుంది? మేస్త్రికి ఒకసారి చెల్లెలు కనబడింది. బూట్లు ఊపుతూ ఏదో అరుస్తోంది. తనను ప్రోత్సహిస్తోందనుకున్నాడు. నవ్వి, చెయ్యి ఊపి, వేగం పెంచాడు. పీటీ సారు ఎవరి సైకిలో లాక్కుని వెంటపడ్డాడు. ఆయన అందుకునేలోపే మేస్త్రి గీత దాటేశాడు.

చిట్టి చేరేసరికి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెడలో పతకం వేశారు. దాని మీద ఆమె చూపు ఆగలేదు. మోకాళ్ళ మీద కూలబడి పాదాలు చేతుల్లోకి తీసుకుంది. తారు అంటుకుని, చర్మం ఊడి, వేలాడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళ చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పీటీ సారు మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు.

"ఎందుకే ఏడుస్తావ్?" అన్నాడు మేస్త్రి, ఆయాసపడుతూ. "నొప్పి లేదే. ఒట్టు. చీమంత నొప్పి కూడా లేదు."

ఎడమకాలు నెమ్మదిగా మానింది. కుడికాలు మానలేదు. మేకు దిగిన చోట లోపల ఎప్పటి నుంచో కుళ్ళుతోందట, కాలిన పుండు దానికి తోడైంది. వేలు నల్లబడింది, ఆ నలుపు పైకి పాకింది. డాక్టర్లు చేతనైనంత చేశారు. చివరికి మోకాలి కింద తీసేస్తామన్నారు. మేస్త్రి గోడ వైపు తిరిగి, "తీసెయ్యండి, అది ఉన్నా నాకు తెలియనిదేగా" అన్నాడు. చిట్టి సంతకం పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది?

తీసేశాక కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, వార్డులో అందరూ కునుకు తీస్తున్న వేళ మేస్త్రి ఉలిక్కిపడి లేచాడు. దుప్పటి గుప్పిళ్ళతో పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట.

"చిట్టీ, మంట!"

"ఎక్కడ అన్నయ్యా?"

"కుడి అరికాల్లో."

చిట్టి దుప్పటి వైపు చూసింది. దుప్పటి కింద ఆ వైపు మోకాలి దాకా ఎత్తుగా ఉండి, ఆ తర్వాత చదునుగా పరుపుకు అతుక్కుని ఉంది. నర్సును పిలిచింది. కాలు పోయినవాళ్ళకు అలా అనిపిస్తుందమ్మా, మెల్లగా తగ్గుతుంది అని నర్సు మాత్ర ఇచ్చి వెళ్ళింది. మాత్రకు మంట తగ్గలేదు.

"లేదని తెలుసే. చూశాను కదా" అన్నాడు మేస్త్రి. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వదిన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. "లేని కాలు మండుతుందంటే ఎవరైనా నవ్వుతారు. ఉన్నప్పుడు చచ్చిందానిలా పడుంది, పోయాక మండుతోంది. బొటనవేలి కింద, ఆ మేకు దిగిన చోటే. కాస్త రాయవే."

ఎక్కడ రాయాలి? చిట్టి మంచం చివర కూర్చుని, ఖాళీ దుప్పటి మీద, పాదం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి రాసింది. చేతికి పరుపు తగిలింది.

"తెలియట్లేదే" అన్నాడాయన, పళ్ళు బిగించి. "తెలియట్లేదు."

చిట్టి లేచి గోడకు తగిలించిన సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. అడుగున గాజులు తగిలాయి. ఒక్కొక్కటీ చేతికి ఎక్కించుకుంది. మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుని చెయ్యి ఆడించింది. గాజులు గలగలమన్నాయి.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

"ఆ... అక్కడే" అన్నాడు. "బొటనవేలు."

గుప్పిళ్ళు దుప్పటిని వదిలాయి. చిట్టి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెయ్యి ఆపాలి. ఆయన నిద్రపోయేదాకా ఆ ఖాళీ చోట రాస్తూనే కూర్చుంది.